బావ కొట్టించిన బోర్డు

అచ్చంపేట,
20 నవంబరు 2022.

అక్కా,

పోయినసారి ఫోను చేస్తే నీ చెవి మిషను కీచుమన్నదనీ, నేను చెప్పినదాంట్లో సగం నీకు వినపడలేదనీ నీ కోడలు చెప్పింది. వినపడిన సగం తిట్లేనట. అందుకని ఇకనుంచి ఉత్తరాలు. ఈ ఊరి గ్రంథాలయంలో బతుకంతా గడిపినవాణ్ని, కాగితమంటే నాకు కొత్త కాదు. పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను.

నాకు పని దొరికింది. జీతం లేదు కాబట్టి ఎవరూ పోటీకి రాలేదు. ఊరు దాటి అడవి మొదలయ్యే చోట అటవీశాఖవాళ్లు ఒక వనం కట్టారు. కట్టారంటే చుట్టూ కంచె, ముందర గేటు, టికెట్ల గది. లోపలి చెట్లు వాళ్ల తాతలనాటి నుంచీ ఉన్నవే. ఎక్కువగా సోమి మాన్లు. జ్వరమొస్తే అమ్మ దాని బెరడు కషాయం పోసేది, నువ్వు కొట్టం వెనక్కి పోయి ఉమ్మేసేదానివి. ఎర్ర బెరడు, అంతకన్నా ఎర్రటి చేవ, చెద ముట్టని కలప. ఆ చెట్లను చూపించడానికి ప్రతి ఆదివారం పొద్దున్నే ఓ గుంపును లోపలికి నడిపించుకుపోవాలి. ముందు నడిచేవాడు చెట్ల గురించి చెబుతాడు. చివర నడిచేవాడు మాట్లాడకుండా, వెనకబడ్డవాళ్లను కనిపెట్టుకుని వస్తాడు. వాణ్ని తోకమనిషి అంటాం. మా తోకమనిషి అంజన్న. ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు, ఎవరినీ దారిలో దింపేయడు. ముందుమనిషిని నేను. మెడలో పచ్చతాడు, దానికి నా ఫొటో. దొంగను పట్టుకున్నప్పుడు తీసినట్టుంది.

నేను చెట్లను ఊరికే చూపించను. తపసి చెట్టు ఉంటుంది, ఒళ్లంతా తెల్లగా మెరుస్తుంది, గాటు పెడితే జిగురు కారుతుంది, కలపకు మాత్రం పనికిరాదు. అక్కడ ఆగి, గ్రంథాలయానికి పక్కా భవనం కట్టిస్తానని ప్రతి ఎన్నికకూ చెప్పిపోయిన ఒక తెల్లబట్టల మనిషి సంగతి చెబుతాను. పేరు చెప్పను. ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. పొణికి చెట్టు చూడ్డానికి లావు, కొమ్మ విరిచి చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. అది మా గ్రంథాలయం పాత కార్యదర్శి. బదనిక కనిపిస్తే నాకు పండగే. ఇంకో చెట్టు కొమ్మ మీద పుట్టి, దాని రసం తాగి పూలు పూసే మొక్క. నా వ్యాసాల కింద తన పేరు వేయించుకుని శాలువాలు కప్పించుకున్న లెక్చరరు వీరేశం అక్కడ చాలాసేపు ఉంటాడు. జనం నవ్వుతారు. మొన్న ఒకాయన, "సార్, మీతోని వస్తే చెట్లు మర్వబుద్ధి కాదు" అన్నాడు.

నీ మరదలు మెర్సీ పోయినప్పటి నుంచి ఆదివారమంటే నాకు భయంగా ఉండేది. ప్రార్థన అయి ఇంటికొస్తే చీకటి పడేదాకా నాలుగు గోడలు. ఇప్పుడు శనివారం నుంచే ఆదివారం కోసం చూస్తున్నాను. ఈ పని ఒకటి పోతే నాకు మళ్లీ ఆ గోడలే. అందుకని మా ఆఫీసరు మంజులత మేడం పెట్టిన నియమాలన్నీ పాటిస్తున్నాను, నోటి సంగతి తప్ప.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ వనంలో చెట్టును దత్తత తీసుకోవచ్చు. చందా కట్టినవాళ్ల పేరుతో చెట్టు ముందు బోర్డు పాతుతారు. దారి మలుపులో ఉన్న పెద్ద సోమి నీకు తెలుసు. నాయిన ఈ బీటులో వాచరుగా తిరిగినన్నాళ్లూ సద్ది మూట విప్పింది దాని కిందే. ఆ చెట్టు ముందు మొన్న బావ కొట్టించిన కొత్త బోర్డు వెలిసింది: "కీర్తిశేషులు ఈదయ్య జ్ఞాపకార్థం. రాంచందర్, రిటైర్డు హెడ్మాస్టరు, చిట్యాల."

నీ మామ ఈదయ్య మంచివాడే. కాదనను. ఆయన ఎన్నడైనా అడవి ముఖం చూశాడా? మన నాయిన పర్వతాలు కూర్చున్న చెట్టుకు ఈదయ్య పేరా? నా రిటైర్మెంటు సభలో బావ మైకు పట్టుకుని, "మా బామ్మర్ది పుస్తకాలన్ని భద్రంగ కాపాడిండు, ఒక్కటి గూడ ఎవర్ని ముట్టనియ్యలె" అన్నప్పుడు కూడా నేను మాట్లాడలేదు. అప్పటినుంచీ మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం మాట్లాడుతున్నానని చెప్పు.

నీ తమ్ముడు,
ఏసోబు.


చిట్యాల,
4 డిసెంబరు 2022.

తమ్ముడూ,

నీ ఉత్తరం పోస్టుమాన్ చేతి నుంచి మీ బావే అందుకున్నాడు. చదివి వినిపిస్తానన్నాడు. పోయినవి చెవులే, కళ్లున్నాయని లాక్కున్నాను. నేను చదువుతుంటే నా చెవి పక్కనే, నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

"ఏం రాసిండు నీ తమ్ముడు?"

"ఆదివారం ఆదివారం అడవిల నడుస్తుండంట. చెట్ల గురించి చెప్తుండంట."

"మంచిదే. చెట్లకు పౌరుషం రాదు. మనుషుల గురించి చెప్తలేడు గద?"

నేను కాగితం మడిచి రవికెలో పెట్టుకున్నాను.

నువ్వు బయట తిరుగుతున్నందుకు ప్రభువుకు స్తోత్రం. మెర్సీ ఉంటే ఆ మెడలోని ఫొటో చూసి నిన్ను వారం ఏడిపించేది. నీళ్ల సీసా పట్టుకుపో. షుగరు ఉన్నవాడివి, పొద్దున ఏమీ తినకుండా నడవకు. నర్సుగా చేసినదాన్ని చెబుతున్నాను, అక్కగా కాదు. అక్కగా చెబితే నువ్వెప్పుడు విన్నావు?

రిటైర్మెంటు సభ సంగతి ఇంకా మోస్తున్నావా? బావ బామ్మర్దిని నలుగురిలో ఎగతాళి చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు? మా పెళ్లిలో నువ్వు ఆయన చెప్పులు దాచి, రెండూ ఎడమకాలివే తెచ్చి ఇచ్చావు. ఆయన అవే వేసుకుని ఊరేగాడు. అలిగాడా? మైకులో అన్నాడనే కదా నీ బాధ. నీ మాటలు మాత్రం మైకు లేకుండానే మూడు వీధులు వినపడేవి.

బోర్డు సంగతి ఇప్పుడు వదిలేయ్. ఆ చెట్టుకు ఆ పేరు పెట్టడానికి కారణం ఉంది. నువ్వు చల్లబడ్డాక అడుగు, చెబుతాను. ఇప్పుడు చెబితే దానిమీద కూడా ఒక వ్యాసం రాస్తావు.

చిట్యాలలో చలి బాగా ఉంది. హైవే మీద లారీల చప్పుడు నాకు వినపడదు కాబట్టి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే హాయిగా నిద్రపోతున్నాను.

అక్క,
స్వర్ణ.


అచ్చంపేట,
5 ఫిబ్రవరి 2023.

అక్కా,

నేను చల్లబడలేదు. అయినా సంతోషంగా ఉన్నాను, ఈ రెండూ ఒక మనిషిలో ఉండొచ్చని ఈమధ్యనే తెలిసింది.

పొద్దున గేటు తీసేసరికి మంచు ఇంకా గడ్డి మీదే ఉంటుంది. జెముడుకాకి పొదలోంచి గొంతు సవరించుకుంటుంది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు మొదట ఫోన్లు చూసుకుంటూ నడుస్తారు, వాగు దాటేసరికి జేబుల్లో పెట్టేస్తారు. నేను వాళ్లకు సోమి కాయ చూపిస్తాను. ఎండి పగిలిన కాయ అయిదు రెక్కల కొయ్యపువ్వులా ఉంటుంది, ఎవరో ఉలితో చెక్కినట్టు. ఒక పెద్దావిడ దాన్ని కొప్పులో పెట్టుకుని నడక అయ్యేదాకా తీయలేదు. ఆమె కొడుకు సిగ్గుపడ్డాడు. ఆమె పడలేదు.

అదలా ఉంచు. మీ ఆయన చెట్టు ఆకు రాల్చింది.

ఏటా ఈ రోజుల్లో రాలుస్తుంది. ఎండలు ముదిరేలోగా ఎర్రగా చిగురిస్తుంది. నాయిన మనకు చూపించాడు, నీకూ తెలుసు. చుట్టూ ఉన్న పిల్ల మాన్లకు ఇంకా ఆకు నిలిచి ఉంది. పెద్దదే ముందుగా బోడిగా నిలబడింది, సరిగ్గా బావ బోర్డు వెనకాల. ఇంత మంచి అవకాశం నాకు బతుకులో ఎప్పుడు వచ్చింది? ఆదివారం గుంపును అక్కడ ఆపి, కళ్లద్దాలు తుడుచుకుని, మెల్లగా చెబుతున్నాను:

"ఈ మాను మా తాతలకాలం నుంచి పచ్చగ ఉండె. ఎవరో హెడ్మాస్టరు సారు వచ్చి ముందర బోర్డు పాతించిండు. పాతించంగనే ఎండిపోయింది."

"అయ్యో, నిజమా తాతా?"

"మీ ఎదురుంగనే ఉన్నది గద. చెట్టుకు గూడ పౌరుషముంటది."

ఫొటోలు తీసుకుంటున్నారు. బోర్డు మీది పేరు చదివి నాలుక చప్పరిస్తున్నారు. వెనక నుంచి అంజన్న నన్ను గుర్రుగా చూస్తాడు, కానీ తోకమనిషి మాట్లాడకూడదు. ఆ నియమం ఎంత గొప్పదో అప్పుడు తెలుస్తుంది.

మైకులో ఒకసారి అన్నందుకు నేను ప్రతి ఆదివారం అంటున్నాను. వడ్డీ అనుకోమను. ఈ సంగతి బావకు చెప్పకు. లేదు, చెప్పు.

నీ తమ్ముడు,
ఏసోబు.


చిట్యాల,
8 మార్చి 2023.

ఏసోబూ,

నేను మీ బావకు చెప్పలేదు. నీ ఉత్తరం బీరువాలో చీరల కింద పెట్టాను. మొన్న మీ ఆఫీసు నుంచి ఆయనకు ఫోను వచ్చింది.

మీరు దత్తత తీసుకున్న చెట్టు ఎండిపోయిందని వచ్చినవాళ్లందరూ చెబుతున్నారట. దారి పక్కన ఎండిన మాను ఉంటే ఏ గాలికో కొమ్మ విరిగి మనుషుల మీద పడుతుందట. నెలాఖరులోగా కొట్టేస్తారట. మీ బోర్డు ఇంకో చెట్టుకు మారుస్తాం, సరేనా అని అడిగారు. ఆయన సరే అన్నాడు. ఫోను పెట్టేసి అరుగు మీద కూర్చున్నాడు. నేను అన్నం పెట్టుకుపోతే తినలేదు. నా చెవి దగ్గరికి వంగి, నాకు వినపడేలా గట్టిగా అన్నాడు:

"మా బాపు పేరు పెడితే అడవిల చెట్టు గూడ నిలవదా, స్వర్ణా?"

నువ్వు చల్లబడ్డాక చెబుతానన్న సంగతి ఇప్పుడు చెబుతాను. నువ్వు చల్లబడ్డావో లేదో నాకు అక్కర్లేదు.

ఆ చెట్టును ఎంచుకున్నది నేను. ఆ పేరు పెట్టించింది నేను. మీ బావ నాయిన పేరే పెడదామన్నాడు. "పర్వతాలు మామ చెట్టు గద, మామ పేరే ఉండాలె" అన్నాడు. వద్దన్నాను.

నాయిన పేరు చెబితే ఆ అడవిలో ఇప్పటికీ ముసలివాళ్లు లేచి నిలబడతారు. నాయినకు బోర్డు ఎందుకు? మా మామకు ఎక్కడా ఏమీ లేదు. రోడ్డు గ్యాంగులో కూలి. తారు మోశాడు, కంకర పరిచాడు. చిట్యాల నుంచి రోడ్డు పొడుగునా నాటిన చెట్లకు ఎండాకాలమంతా కావడితో నీళ్లు పోసింది ఆయనే. అవి పెద్దవై నీడ పట్టాక, రోడ్డును వెడల్పు చేస్తూ అన్నీ కొట్టేశారు. అప్పటికి ఆయనకు నడుము వంగింది. కొడుతున్నన్ని రోజులూ పోయి అక్కడ నిలబడి చూసి వచ్చేవాడు.

నా పెళ్లి నాటికి నర్సు ట్రైనింగు సగంలో ఉంది. కోడలు ఇంట్లో ఉండాలని ఈ ఇంట్లో అందరూ అన్నారు. మామ ఒక్కడే, "పిల్ల చదువు అయిపోయినంకనే వస్తది, అప్పటిదాక నా రొట్టె నేను చేసుకుంట" అన్నాడు. చేసుకున్నాడు. నేను జీతం తెచ్చి, నిన్ను డిగ్రీ చదివించింది ఆ రొట్టె మీద. నువ్వు చదివిన పుస్తకాలన్నింటిలో ఇది లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆయనకు ఎవరూ కొట్టెయ్యలేని నీడ ఒకటి ఉండాలనుకున్నాను. అడవిలో అయితే ఎవరూ కొట్టరనుకున్నాను.

స్వర్ణ.


అచ్చంపేట,
13 మార్చి 2023.

అక్కా,

నిన్న చెట్టుకు ఎర్ర రంగుతో వలయం గీసి ఉంటే, చెట్ల లెక్క కోసం గీశారనుకున్నాను. దాని పక్కనే నిలబడి నా మామూలు మాట చెప్పాను. జనం నవ్వారు.

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఆఫీసుకు పరుగెత్తాను. మంజులత మేడం హైదరాబాదులో మీటింగుకు పోయిందట, బుధవారం వస్తుందట. కొట్టేవాళ్లు గురువారం వస్తారట.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. ఇలా నాకు ఎప్పుడూ కాలేదు.

ఏసోబు.


అచ్చంపేట,
17 మార్చి 2023.

అక్కా,

చెట్టు ఉంది. ముందు అది చదువు, తర్వాత కూర్చుని మిగతాది చదువు.

బుధవారం పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే పోయి మెట్ల మీద కూర్చున్నాను. అంజన్న కూడా వచ్చాడు. ఎందుకని అడిగితే, "నువ్వు ఏం చెప్తవో వినాలె గద" అన్నాడు. మేడం జీపు దిగింది. ముప్పై దాటని పిల్ల, నన్ను ఎప్పుడూ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. ఆ రోజు నేను కూర్చోలేదు.

"మేడం, మలుపుకాడి పెద్ద సోమి ఎండలేదు."

"మీరే కద సార్ ఎండిందన్నరు? వచ్చినోళ్లు వచ్చినట్టు నాకు చెప్పిన్రు, ఏసోబు సార్ చెప్పిండని. మీరు చెప్పినంక పొరపాటు ఉండదని నేను పోయి చూడనన్న చూడలె."

అక్కా, నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరికీ జవాబు చెప్పాను. ఈమె తిట్టలేదు, నన్ను నమ్మానని చెప్పింది.

"పొరపాటు కాదు మేడం. అబద్ధం. ఏటా ఆకు రాలుస్తది. నాకు ఎరుకే."

"మరి ఎందుకు చెప్పిన్రు?"

"ఆ బోర్డు మా బావది."



"బావ మీద కోపమొస్తే చెట్టును కొట్టిస్తరా సార్?"

"బావను కొట్టిస్తే కేసైతది గద మేడం" అన్నాడు తలుపు దగ్గర నుంచి అంజన్న.

ఆమె నవ్వలేదు. ముగ్గురం నడిచి చెట్టు దగ్గరికి పోయాం. ఆమె చిన్నచాకుతో కొమ్మ మీద గీరింది. లోపల పచ్చగా, తడిగా ఉంది. ఇంకో చోట గీరింది, అక్కడా పచ్చే. వేలికి అంటిన రసం నాలుక మీద పెట్టుకుని ముఖం చిట్లించింది. "ఇంత చేదు ఎండిన చెట్టుకు ఉండదు" అంది.

కొట్టడం ఆపించడం అంత తేలిక కాదని ఆఫీసుకు తిరిగొచ్చాక చెప్పింది. ఎండిన చెట్ల వివరం పైకి పోయింది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఎందుకు తప్పు పోయిందో రాయాలి. మార్గదర్శకుడు కావాలని తప్పు చెప్పాడని రాయాలి. అలా రాతకెక్కినవాణ్ని ముందు నడిపించడం కుదరదు.

"మీ ఆదివారాలు పోతయి సార్. అట్ల వద్దంటె, నేనే పోయి చూసినట్టుగ రాసి, రెండోసారి తనిఖీ అని ఒక మాట పెట్టొచ్చు. దానికి పైవాళ్లు ఎప్పుడు ఒప్పుకుంటరో తెల్వదు. రేపటికైతే రాదు."

నాలుగు గోడలు కళ్ల ముందు కనిపించాయి. నిజం చెబుతున్నాను, ఒక నిమిషం ఆలోచించాను. గొప్పవాడిలా వెంటనే ఒప్పుకున్నానని నీకు రాసుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ అంజన్న అక్కడే ఉన్నాడు, ఎప్పుడైనా నీకు చెప్పేస్తాడు.

"కావాలనే చెప్పిన అని రాయుండ్రి మేడం" అన్నాను. పచ్చతాడు తీసి ఆమె బల్ల మీద పెట్టాను.

గేటు దాకా వచ్చాక అంజన్న మళ్లీ లోపలికి పోయాడు. అతను ఆమెతో అన్నది తర్వాత నాకు చెప్పాడు: "మేడం, నాకు మోకాళ్లు గుంజుతున్నయ్. ముందర నడిచేటోడు ఆగుకుంట ఆగుకుంట పోతడు, నాకు అదే మంచిది. నా తోక గా ముసలాయనకియ్యుండ్రి. తోకకు నోరుండదు గద, ఏం చెడగొడ్తడు?"

ఇచ్చారు. వచ్చే ఆదివారం నుంచి నేను చివర నడవాలి. మాట్లాడకూడదు. ఒక్క చోట మాత్రం సెలవు ఇచ్చింది మేడం: పెద్ద సోమి దగ్గర ఎవరైనా ఎండిపోయిందట కదా అని అడిగితే, ఎండలేదని చెప్పాలి. ఎవరు ఎండిందన్నారని అడిగితే, నేనే అన్నానని చెప్పాలి. అదే శిక్ష.

ఎర్ర వలయం బెరడు మీద అలాగే ఉంది. తుడిచినా పోలేదు. వానలు పడితే పోతుందట.

ఆ ఉత్తరం చీరల కింద నుంచి తీసి బావకు ఇచ్చేయ్. దీన్ని కూడా ఇవ్వు. చదివాక ఆయన ఏమన్నా పడతాను.

ఏసోబు.


చిట్యాల,
11 ఏప్రిల్ 2023.

తమ్ముడూ,

రెండు ఉత్తరాలూ ఇచ్చాను. అరుగు మీద కూర్చుని, హెడ్మాస్టరు పేపర్లు దిద్దినట్టు కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని చదివాడు. మొదటిది చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. రెండోది చదివి లోపలికి పోయాడు. చాలాసేపు రాలేదు. కోపమొచ్చి పడుకున్నాడనుకుని పోయి చూస్తే, బీరువా ముందు నిలబడి తెల్ల చొక్కా వెతుక్కుంటున్నాడు.

"ఎటు పోతున్నవ్?"

"ఎటు లేదు. ఆదివారం అచ్చంపేటకు పోదాం. బామ్మర్ది నోరు మూసుకొని నడుస్తడంట, చూడకపోతె ఎట్ల?"

ఈస్టరు ఆరాధనకు ఊరివాళ్లంతా వచ్చారు, అందరికీ ఈ మాటే చెప్పాడు. నువ్వు కోరుకున్నట్టే చిట్యాల అంతా నీ పేరు మోగుతోంది.

ఎండ తగ్గేది లేదు కాబట్టి ఇరవై మూడో తారీఖు ఆదివారం వస్తాం. చెట్టు దగ్గర దత్తత తీసుకున్నవాళ్లను రెండు మాటలు చెప్పనిస్తారట, మీ మేడం ఫోనులో చెప్పింది. మీ బావ ఉపన్యాసం రాసుకుంటున్నాడు. వృక్షో రక్షతి అని మొదలుపెట్టాడు. నేను చూసి కొట్టేశాను. మళ్లీ రాస్తున్నాడు.

నా కాళ్లు నెమ్మది. నీ దగ్గరే నడుస్తాను. నువ్వు మాట్లాడకూడదు, నాకు వినపడదు. జతకు సరిపోయాం.

అక్క,
స్వర్ణ.

కింద ఉన్నది నా రాత. బామ్మర్దీ, వచ్చేటప్పుడు రెండు ఎడమకాలి చెప్పులు తెస్తున్నా. నీ సైజు చెప్పు. — రాంచందర్.


అచ్చంపేట,
24 ఏప్రిల్ 2023.

అక్కా,

నిన్న సాయంత్రం బస్సు ఎక్కేముందు నువ్వు నన్ను అడిగావు, "మీ బావ చెట్టుకాడ ఏం చెప్పిండు?" అని. బస్టాండులో అరవలేక తలూపాను. నడకలో నువ్వు నా పక్కనే ఉన్నా, ఆయన చెప్పింది నీకు ఒక్క ముక్క అందలేదని తెలుసు. ఆయన చెప్పడు. అందుకని ఇది రాస్తున్నాను.

అంజన్న బాగానే నడిపించాడు. నా తెల్లబట్టల మనిషి కథ, నా వీరేశం కథ అన్నీ పోయాయి. తపసి చెట్టు దగ్గర, "గిది జిగురు చెట్టు, అందరు ఎక్కిన్రా, పోదాం" అన్నాడు. నేను వెనక నాలుక కొరుక్కున్నాను. చివర నడిచేవాళ్లు వేరే రకం అక్కా, ఇన్నాళ్లూ నాకు తెలియదు. మోకాళ్ల నొప్పులవాళ్లు, భార్యతో గొడవపడ్డవాళ్లు, ఆకు కనిపిస్తే వంగి చూసేవాళ్లు. ఎవరూ తొందరపడరు. నేను మాట్లాడను కాబట్టి వాళ్లే నాకు చెబుతారు. పోయిన వారం ఒకామె తన ఇల్లు కట్టిన కథంతా చెప్పింది. నేను మధ్యలో ఒక్క తప్పు కూడా దిద్దలేదు. నాకు రాత్రిళ్లు నిద్ర బాగా పడుతోంది.

చెట్టు నువ్వు చూశావు. కొమ్మల చివరలన్నీ ఎర్రటి లేత ఆకు. ఎర్ర వలయం కింద, ఎర్ర చిగురు పైన. గుంపు ఆగింది. బావ జేబులోంచి కాగితం తీశాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు, చూశాడు, మళ్లీ మడిచి పెట్టేశాడు. తర్వాత చెప్పింది నాకు గుర్తున్నంతవరకు ఇది.

"మా బాపు పేరు ఈదయ్య. రోడ్డు కూలి. ఆయన ఈ అడవి చూడలె. ఆయన నీళ్లు పోసిన చెట్లు చిట్యాలకాడ ఉండె, ఇప్పుడు లేవు. ఈ చెట్టు మా మామది. పర్వతాలు మామ అన్నం తిన్న చెట్టు. నేను మామ పేరే పెడదామన్న. నా భార్య ఒప్పుకోలె. మా బాపు పేరు పెట్టించింది."

అక్కడ ఆగాడు. అందరూ అయిపోయిందనుకున్నారు. ఎవరో చప్పట్లు కొట్టబోయారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎందుకు పెట్టినవని నేను ఇప్పటిదాక అడగలె. అడిగితె ఆమె చెప్తది. చెప్తె నేను ఏడుస్త. హెడ్మాస్టరు ఏడిస్తె బాగుండదు. అందుకని అడగలె. గదిగో, అక్కడ వెనక నిలబడ్డది. ఆమెకు వినపడదు కాబట్టి చెప్తున్న. మా ఇంట్ల మా బాపును ఆమె చూసుకున్నట్టు నేను చూసుకోలె."

అప్పుడు అందరూ వెనక్కి తిరిగి నిన్ను చూశారు. నువ్వు కొమ్మల్లోకి తలెత్తి చిగురు చూస్తున్నావు. ఎందుకు చూస్తున్నారో తెలియక, కొంగు సర్దుకుని, అందరికీ ఒక నమస్కారం పెట్టావు.

తర్వాత గుంపు కదిలింది. చివర మిగిలిన ఒకాయన నా దగ్గరికి వచ్చి, "ఈ చెట్టు ఎండిపోయిందని విన్నం, నిజమేనా తాతా?" అన్నాడు. ఫిబ్రవరిలో వచ్చినవాళ్లెవరో చెప్పారట. నేను అన్నది ఎంత దూరం పోయిందో, అది తిరిగి రావడానికి ఎన్ని ఆదివారాలు పడుతుందో.

"ఎండలేదు" అన్నాను.

"మరి ఎవరన్నరు?"

"నేనే అన్న."

బావ అక్కడే ఉన్నాడు. "గసుంటోన్ని పట్టుకొని కట్టెయ్యాలె" అన్నాడు.

"కట్టేసిన్రు బావా. తోకకు" అన్నాను.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆయనతో నేను అన్న మొదటి మాట అదే. నియమం ప్రకారం అది కూడా అనకూడదు. అంజన్న ముందు నుంచి, "వెనక మాటలొద్దు" అని అరిచాడు. ఇద్దరం నోరు మూసుకుని నీ వెనకాల నడిచాం.

ఈ ఉత్తరం చదివాక ఆయనకు మంచి చాయ్ పెట్టి ఇవ్వు. ఎందుకని అడుగుతాడు. చెప్పకు.

నీ తమ్ముడు,
ఏసోబు.